డబ్బాలు పోయి తెలుగు రావాలంటే...

అరచేతిలో ఇమిడే చిన్న బోర్డు. దానికో టీవీ, కీబోర్డు తగిలిస్తే కంప్యూటర్ సిద్ధం! 2012 ఫిబ్రవరి 29న రాస్‌ప్‌బెర్రీ పై పేరుతో ఇలాంటి బోర్డు ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 35 డాలర్లు, మెమరీ 256 ఎంబీ. నడిచేది ఉచితంగా దొరికే లినక్స్ మీద. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఓ బడి దీన్ని కొన్నదనుకోండి. తెలుగు పాఠం తెరిస్తే అక్షరాల బదులు వరుసగా డబ్బాలు! అందులో తెలుగు ఫాంటు లేదన్నమాట. తెలుగు మీడియం పిల్లలు ‘ఇది మన కోసం కాదు’ అనుకోవడానికి ఆ డబ్బాలు చాలు.

విరుగుడు సులువే. బోర్డులో డెబియన్ తరహా లినక్స్ ఉంటే ముందు ‘ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని ప్యాకేజీ పేరు కొట్టాలి. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పేరు ‘ఫాంట్స్-టెలు’. ఒక ప్యాకేజీకి తోడు కావలసినవన్నీ ఆప్ట్ తానే వెతికి తెస్తుంది.

ఊళ్లో నెట్ సరిగా లేదా? నెట్ ఉన్నచోట ప్యాకేజీ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ‘డీపీకేజీ’తో ఎక్కించవచ్చు. ఫాంట్లు ఏ ప్రాసెసర్‌కైనా ఒకటే. మిగతా సాఫ్ట్‌వేర్ అలా కాదు. ఈ బోర్డులో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. మామూలు పీసీ కోసం చేసిన ప్యాకేజీ ఇక్కడ ఎక్కదు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్యాకేజీగా దొరకవు. అప్పుడు సోర్స్ కోడ్ తెచ్చి మనమే కంపైల్ చేసుకోవాలి. ప్యాకేజీ అంటే కొనుక్కొచ్చిన జొన్నపిండి. కంపైల్ చేయడమంటే జొన్నలు తెచ్చి ఇంట్లో విసురుకోవడం. చిన్న బోర్డుకు ఇది పెద్ద పనే. మెమరీ చాలక మధ్యలో ఆగిపోవచ్చు. ఒకేసారి నాలుగు పనులు పెట్టకుండా ఒక్కొక్కటిగా చేయిస్తే, స్వాప్ కాస్త పెంచితే గట్టెక్కుతుంది. ఫలానా హెడర్ ఫైల్ లేదని మొరాయిస్తే, పేరు చివర ‘డెవ్’ అని ఉండే ప్యాకేజీ వేయాలి. అదీ కుదరకపోతే గిర్నికి పంపినట్టు పెద్ద కంప్యూటర్‌కు అప్పజెప్పవచ్చు. అయితే ఆర్మ్ కోసమని దానికి ముందే చెప్పాలి. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు.

కరెంటుతో మాత్రం జాగ్రత్త! ఇన్‌స్టాల్ నడుస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డులోని ఫైళ్లు పాడవవచ్చు. యూపీఎస్ లేదా పవర్‌బ్యాంక్ పెట్టుకోవడం, ఆపేముందు షట్‌డౌన్ చేయడం, మంచి కార్డుకు ఓ నకలు తీసి దాచడం మంచిది.

అంతా అయ్యాక ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. వత్తులు విడిపోయి కనిపిస్తే లోపం ఫాంటుది కాకపోవచ్చు. అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ వంటి మరో సాఫ్ట్‌వేర్‌ది. మీరు వాడే ప్రోగ్రాం దాన్ని ఉపయోగించుకోవాలి.

లినక్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకటి పోతన 2000. తయారుచేసినవారు తిరుమల కృష్ణ దేశికాచార్యులు. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వనన్నాడని జనం చెప్పుకునే బమ్మెర పోతన పేరే దానికి పెట్టారు. ఆ బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది. అక్కడి పిల్లల బోర్డు మీద పోతన పేరున్న అక్షరాలు రావడానికి పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.