తల్లి యున్న బిడ్డ అనాథయా?



మన సంఘములలో ఒక తప్పు మాట చెల్లుబాటగుచున్నది. భర్త పోయిన కూలి తల్లి బిడ్డకు అన్నము పెట్టలేక శరణాలయములో విడిచినయెడల, ఆనాటినుండి ఆ బిడ్డను అనాథ అని పిలుచుచున్నాము. తల్లి బ్రదికియుండగా ఆ బిడ్డ అనాథ యెట్లగును? ఆ తల్లి చేసిన నేరమేమి? బీదరికమే గదా! బీదరికమునకు బిడ్డ యెడబాటును శిక్షగా విధించుటకు మనమెవరము?

క్రిస్మసు రాగానే శరణాలయమునకు బట్టలు, మిఠాయిలు పంపుచున్నాము. మంచిదే. గాని "అమ్మా, నీ బిడ్డను తెచ్చుకొనుము, ఖర్చుకు మేము తోడుందుము" అని ఆ తల్లితో చెప్పినవారు మనలో ఎందరు? బిడ్డ దూరముగా ఉన్నప్పుడు తెరచుకొను చేయి, ఇంటికి రావలసినప్పుడు ఎందుకు ముడుచుకొనుచున్నది?

లేఖనము చూడుడి. ఫరో కుమార్తె మోషేను నీటిలోనుండి తీయించి, తెలియకయే వాని కన్నతల్లి చేతికి అప్పగించి, పెంచినందుకు ఆమెకు జీతమిచ్చెను. అప్పులవాడు విధవరాలి కుమారులిద్దరిని దాసులుగా పట్టుకొనిపోవ వచ్చినప్పుడు, పిల్లలను నాయొద్ద విడువుమని ఎలీషా అనలేదు. ఆమె యింటనున్న కొంచెము నూనె దేవుని కృపచేత విస్తారమాయెను. దానిని అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో తల్లియు బిడ్డలును కలిసి బ్రదికిరి. అన్యురాలైన రాజకుమార్తె చేసినపాటి మేలు మనము చేయకున్న సిగ్గుచేటు.

చట్టము సయితము మనకంటె ముందున్నది. బిడ్డను సంస్థలో ఉంచుట చివరి మార్గమనియు, తిరిగి కుటుంబమునకు చేర్చుట బాలల గృహముల ముఖ్యోద్దేశమనియు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము చెప్పుచున్నది. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనలు స్పాన్సర్‌షిప్ పేరిట బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. గ్రామములలో కుటుంబపు ఆదాయము ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు. విధవరాండ్రు, భర్త విడిచినవారు, ప్రాణాంతక వ్యాధిచేత పీడింపబడువారు దీనికి తగినవారు. శరణాలయమునుండి ఇంటికి మరలు బిడ్డకును ఈ సహాయము కలదు. జిల్లా బాలల సంరక్షణ విభాగమువారిని అడుగవలెను. ఈ సంగతి మన విధవరాండ్రకు ఎవరు చెప్పిరి?

"సొమ్మిచ్చిన తండ్రి త్రాగివేయును" అని కొందరందురు. అట్టి చోట తల్లి చేతికే అందునట్లు చూడుడి. స్త్రీల సమాజమువారు వారమునకొకసారి ఆ యింటికి పోయి పలుకరించుడి. "అక్కడ చదువు బాగున్నది" అని మరికొందరందురు. ఊరి బడికి పంపుటకు బట్టలు, పుస్తకములు మనము కొనిపెట్టలేమా? ఇంటిలో దెబ్బలు, అపాయము ఉన్న బిడ్డకు వేరు ఆశ్రయము కావలసినదే. దానిని బాలల సంక్షేమ సమితి విచారించి తేల్చును. గాని వట్టి లేమిని అపాయముతో సమానముగా లెక్కింపకుడి.

కాగా మీ సంఘములో ఈ పని చేయుడి. శరణాలయములలోనున్న మీ ఊరి బిడ్డల పేర్లు వ్రాసి, ఎవరికి తల్లియో తండ్రియో ఉన్నారో కనుగొనుడి. చదువు వచ్చిన యౌవనస్థుడొకడు ఆ తల్లి వెంట పోయి ఆధారు, ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు పుస్తకము సిద్ధపరచవలెను. సహాయము మంజూరగుటకు నెలలు పట్టవచ్చును. అంతవరకు మీ స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యము ఆ యింటికి పోవలెను. బస్సు చార్జీ, ఒక దుప్పటి, ఒక పళ్లెము మీరియ్యుడి.

అనాథలను ఆదరించుట గొప్ప పనియే. గాని తల్లి గల బిడ్డను అనాథగా ఉంచి ఆదరించుట ధర్మము కాదు. ఆ బిడ్డ రాత్రి తల్లి ప్రక్కను పండుకొనునట్లు చేయుటకు ప్రభువు మీకు మనస్సిచ్చును గాక.