ప్రతిరక్షకం చూపిన గీతకు నిరూపణ అవసరం

మన దేశంలో వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకున్నదే. కాబట్టి ఏ వరి రకం పొటాషియంను సమర్థంగా గ్రహిస్తుందన్న ప్రశ్న జగిత్యాల, సిరిసిల్ల రైతుల పెట్టుబడితో ముడిపడి ఉంది. వేరు కణాల పొరలోని ఛానల్ ప్రోటీన్లు ఈ గ్రహణంలో కీలకమైనవి. వరిలో వాటిలో ముఖ్యమైనది ఓఎస్‌ఏకేటీ1. దీనిని గుర్తించడానికి ప్రయోగశాలలో ప్రతిరక్షకాన్ని (యాంటీబాడీ) వాడతారు.

అయితే సీసాపై ఉన్న పేరునే వెస్టర్న్ బ్లాట్‌లో కనిపించిన గీతకు పెట్టడం సరికాదు. అరబిడాప్సిస్ మొక్కలో షేకర్ కుటుంబానికి చెందిన ఛానళ్లు 9 ఉన్నాయి. వాటి నిర్మాణంలో పోలికలు ఎక్కువ. అందువల్ల ఒకదాని కోసం తయారైన ప్రతిరక్షకం మరొకదానికీ అంటుకోవచ్చు. గీత ఆశించిన అణుభారం వద్ద ఉన్నంత మాత్రాన సందేహం తీరదు. ఆ జన్యువు పనిచేయని మొక్కతో పోల్చి చూడడమే బలమైన పరీక్ష. అటువంటి అరబిడాప్సిస్ మొక్కలపై అధ్యయనం 1998లోను, వరి మొక్కలపై 2014లోను వెలువడ్డాయి. ఆ మొక్క నమూనాలోనూ అదే గీత కనిపిస్తే ప్రతిరక్షకాన్ని విశ్వసించరాదు.

నమూనా తయారీలోనూ జాగ్రత్త అవసరం. కణపొర ప్రోటీన్లను ఎక్కువగా మరిగిస్తే అవి ముద్దకట్టి జెల్ పైభాగంలోనే నిలిచిపోవచ్చు. అప్పుడు గీత కనిపించకపోవడాన్ని ప్రోటీన్ లేకపోవడంగా భావించే ప్రమాదం ఉంది.

గీత మందంగా ఉన్నంత మాత్రాన ఛానల్ చురుకుగా పనిచేస్తోందని చెప్పలేము. అరబిడాప్సిస్‌లో సీఐపీకే23 అనే ఎంజైము ఫాస్ఫేటును చేర్చి ఏకేటీ1ను చురుకుపరుస్తుందని 2006లో తేలింది. సాధారణ ప్రతిరక్షకం ప్రోటీన్ పరిమాణాన్ని సూచించగలదేగాని దాని పనితీరును చూపలేదు. కావున బ్లాట్‌తో పాటు వేరు, ఆకులలోని పొటాషియం శాతాన్ని కూడా కొలవాలి.

ఈ పనిలో మూడు విద్యాసంస్థలు చేతులు కలపవచ్చు. జగిత్యాల పొలాస పరిశోధన స్థానంలో వరి రకాలున్నాయి. కోరుట్ల పశువైద్య కళాశాల జంతు నైతిక సంఘం అనుమతితో కుందేళ్లలో ప్రతిరక్షక సీరం తయారీకి తోడ్పడగలదు. సిరిసిల్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఆ సీరాన్ని స్వతంత్రంగా పరీక్షించవచ్చు. టీకాకు ముందు తీసిన సీరంతో పోలిక, పెప్టైడ్‌తో అడ్డగించే పరీక్ష, ప్రతిరక్షకం లాట్ సంఖ్య నమోదు ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ ఉండాలి.

ఈ పరీక్షలన్నీ నెగ్గేవరకు రైతుకిచ్చే పొటాష్ సిఫారసు భూసార పరీక్ష, క్షేత్ర ప్రయోగాల ఆధారంగానే సాగాలి. ధ్రువీకరించని ఒక గీతను నమ్మి ఎరువు మోతాదు తగ్గించమంటే, ఆ నష్టాన్ని భరించవలసినవాడు రైతే.