ఆరో వరుసలో రైతు

నిజాం దక్కన్ షుగర్స్‌ను 2015 డిసెంబరులో మూసిండ్రు. 2019 జూన్‌లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆస్తులమ్మి అప్పులు తీర్చమన్నది. ముందు ఎవరికి? దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం కేసు ఖర్చులు, ఆ తర్వాత కార్మికులు, తాకట్టున్న బ్యాంకులు. సరుకు అరువిచ్చినోడు ఆరో వరుస! కార్మికుల సంగతి సరే, వాళ్లదీ చెమటే. బ్యాంకుకు తాకట్టుంది, పంట పోసినోడికి తక్‌పట్టీయే దిక్కు.

14 రోజుల్లో చెరుకు పైసలియ్యాలని 1966 ఉత్తర్వు చెప్తది. కంపెనీ మునిగినంక దాన్ని అడిగేదెవరు? మనమే దివాలా కేసు వేద్దామంటే, 2020 మార్చి నుంచి కోటి రూపాయల బాకీ చూపాలె. గుట్ట చుట్టుపక్కల ఏ రైతుకు కోటి రావాల్సి ఉంటది?

మనకు చెరుకు లేదు, నిజమే. మిల్లుకు వడ్లు, జిన్నింగుకు పత్తి అరువు పోస్తలేమా? పంట బాకీని బ్యాంకు పక్కన నిలబెట్టేటట్టు 53ను మార్చాలె. అప్పటిదాకా తక్‌పట్టీ చేతికి రానిదే బస్తా దించకుండ్రి.