విజిల్ కూడా అమానతే

పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడతామంటే మన ఇళ్లలో ఇప్పుడు ఇజాజత్ దొరుకుతోంది. రెఫరీ అవుతామంటే మాత్రం "తిట్లు తినే పని నీకెందుకు బేటా" అంటాం. నా రాయ్ వేరు. ఇన్సాఫ్ గురించి దస్తర్‌ఖాన్ దగ్గర ఎంతైనా మాట్లాడతాం. అది చేతికి అలవాటయ్యే జాగా కోర్టు.

ముందు కష్టమైన సవాల్ తీసుకుందాం. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ మహిళల జట్టును హిజాబ్ తీసి ఆడమన్నారు. వాళ్లు తీయలేదు, మంగోలియాతో మ్యాచ్ వదులుకుని వెళ్లిపోయారు. మన దిల్ ఎవరి వైపు ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు విజిల్ మీ బిడ్డ చేతిలో ఉంటే?

అప్పటి ఖాయిదానే పాటించాలి అంటాను. ఖాయిదా జుల్మ్ అనిపిస్తే దాన్ని మార్చే దర్వాజా వేరే ఉంది. అమెరికా క్రీడాకారిణి బిల్కిస్ అబ్దుల్ ఖాదిర్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఆ దర్వాజానే తట్టారు. 2017 అక్టోబర్ 1 నుంచి ఫిబా తల కప్పుకుని ఆడటానికి అనుమతిచ్చింది. రెఫరీ తన మనసుకు నచ్చినట్టు ఒక ఖాయిదాను సడలిస్తే, రేపు ఇంకో రెఫరీ మనకు హక్కిచ్చిన ఖాయిదాను కూడా పక్కన పెట్టగలడు. మన హిఫాజత్ కూడా ఆ కితాబ్‌లోనే ఉంది.

కొత్త రెఫరీని ఎక్కువగా పాడుచేసేది మరొకటి. ఒక ఫౌల్ తప్పుగా ఇచ్చినట్టు తెలియగానే అవతలి జట్టు మీద కూడా ఒకటి వేసి హిసాబ్ బరాబర్ చేద్దామనిపిస్తుంది. అస్సలు వద్దు. మొదటిది గల్తీ, రెండోది బేఇమానీ. ఐదు ఫౌల్స్‌కి ఆటగాడు బయటికి పోయే ఆట ఇది. మీరు సర్దుబాటుకని ఇచ్చిన ఫౌల్ ఎవరో బేకసూర్ పిల్లవాడికి ఐదోది కావచ్చు.

2007లో ఎన్‌బీఏ రెండు సబక్‌లు నేర్పింది. బెంచ్ మీద కూర్చుని నవ్వినందుకు టిమ్ డంకన్‌ను జోయి క్రాఫోర్డ్ బయటికి పంపాడు. లీగ్ క్రాఫోర్డ్‌నే సస్పెండ్ చేసింది. అదే ఏడాది టిమ్ డోనగీ పందేల బాగోతం బయటపడింది, మరుసటి ఏడాది అతనికి 15 నెలల జైలు పడింది. ఒకరిని గుస్సా దెబ్బతీసింది, ఇంకొకరిని లాలచ్. ఇద్దరికీ ఖాయిదాలు బాగా తెలుసు. ఇల్మ్ ఒక్కటే సరిపోదన్నమాట.

ఇక షురూ ఎలా చేయాలి? ఫిబా నియమావళి నెట్‌లో ముఫ్త్‌గా దొరుకుతుంది, రోజూ కొన్ని పేజీలు చదవండి. జిల్లా సంఘాన్ని కలిసి రెఫరీల శిక్షణ, పరీక్ష ఎప్పుడో కనుక్కోండి. ఈలోగా స్కోరు టేబుల్ దగ్గర కూర్చోండి. స్కోరు షీటు, 24 సెకన్ల గడియారం చూసుకుంటూ ఉంటే ఆట లోపలి లెక్క తెలుస్తుంది. ఫౌల్‌కి పిడికిలి, నియమ ఉల్లంఘనకు తెరిచిన అరచెయ్యి. సంకేతాలు అద్దం ముందు సాధన చేయండి.

రెఫరీ అధికారం మ్యాచ్‌కు 20 నిమిషాల ముందే మొదలవుతుంది. మీరు ఇంకా ముందే అక్కడుండాలి, ఇస్త్రీ బట్టల్లో. రెండు బెంచీలకూ ఒకే రకం సలామ్ చెప్పండి. తమ్ముడో, ఖాలా కొడుకో ఆడుతుంటే నిర్వాహకులకు ముందే చెప్పి తప్పుకోండి. కోచ్ అడిగితే జవాబు ఒక్క ముక్కలో, అదబ్‌తో ఉండాలి. కేకలకు విజిల్‌తో బద్లా తీర్చుకోవద్దు. మ్యాచ్ అయ్యాక వాట్సాప్ గ్రూపుల్లో సఫాయీ ఇచ్చుకోవద్దు. అర్థంకాని ఫైసలా ఉంటే సీనియర్ రెఫరీని అడగండి.

అమ్మీ అబ్బాలకు ఒక గుజారిష్. గ్యాలరీలో కూర్చుని మీరు తిట్టే ఆ కుర్రాడు కూడా ఎవరి బిడ్డో. వచ్చే ఆదివారం మీ పిల్లల మ్యాచ్‌కి వెళ్తే, ఓడినా సరే, ఇంటికి బయల్దేరే ముందు రెఫరీకి ఒక షుక్రియా చెప్పి రండి. మీ పిల్లలు పక్కనుండి చూస్తారు.