ఉక్కు నగరపు ఇంగ్లీషు: సిగ్గు ఎవరిది?

2025 జూన్‌లో ఢిల్లీలో జరిగిన ఒక పుస్తకావిష్కరణ సభలో, ఈ దేశంలో ఇంగ్లీషు మాట్లాడేవారు సిగ్గుపడే రోజు ఎంతో దూరంలో లేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నారు. వారం తిరిగేసరికి, ఏ విదేశీ భాషకూ వ్యతిరేకత ఉండకూడదని అదే నోటితో సర్దుకున్నారు. వేర్వేరు రాష్ట్రాల ప్రజలు పరస్పరం మాట్లాడుకునేటప్పుడు ఇంగ్లీషుకు బదులు హిందీ వాడాలని 2022 ఏప్రిల్‌లో చెప్పినదీ ఆయనే. ఈ వాదం నిగ్గు తేల్చవలసిన చోటు చెన్నై కాదు. అక్కడి జవాబు 1965 నుంచీ అందరికీ తెలిసినదే. దీన్ని హిందీ రాష్ట్రం నడిబొడ్డునే ఉన్న భిలాయిలో పరీక్షించాలి.

భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇంగ్లీషుతో పుట్టుసంబంధం లేదు. బ్రిటిష్ వారు దుర్గాపూర్‌కు, జర్మన్లు రూర్కెలాకు సాయపడితే, భిలాయికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. యంత్రాలు రష్యావి, ఇంజనీర్లు రష్యావారు. ఊళ్లు ఛత్తీస్‌గఢీ మాట్లాడే దుర్గ్ జిల్లావి. పనికి వచ్చినవారిలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు. ఈ లెక్కలో ఇంగ్లండుకు వాటా ఎక్కడా లేదు. అయినా రష్యన్ భాష ఇంజనీర్లతోపాటే వెళ్లిపోయింది. ఆ స్నేహానికి గుర్తుగా 1972 నాటి మైత్రీబాగ్ మిగిలింది. ఇంగ్లీషు మాత్రం ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందన్న ప్రశ్నకు బానిస మనస్తత్వం అన్న తయారుమాట జవాబు కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఫైలు, టెండరు, పదోన్నతి ఇంగ్లీషులోనే కదిలేవి. అది ఒక కారణం. రెండోది అంతకంటే లోతైనది: వచ్చినవారిలో ఏ ఒక్కరికీ అది తల్లిభాష కాదు. హిందీ అయితే కొందరికి పుట్టినింటి ఆస్తి, మిగిలినవారికి అరువు. ఇంగ్లీషు అందరికీ సమానంగా అరువే. ఆ సమాన దూరమే దానికి బలమైంది. 2011 జనగణనలో ఇంగ్లీషును మాతృభాషగా చెప్పుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 2.6 లక్షల మంది. రెండో, మూడో భాషగా తెలుసునన్నవారిని కలిపితే దాదాపు 13 కోట్లు. ఇంత తక్కువమందికి సొంతమై, ఇంతమందికి పనికివచ్చే భాషను విదేశీ అని కొట్టిపారేయడం తేలిక. దాని స్థానంలో కొందరికి మాత్రమే సొంతమైన భాషను కూర్చోబెట్టి జాతీయత అని పిలవడం తేలిక కాదు.

భిలాయిలో స్థిరపడిన ఇంగ్లీషు లండన్‌ది కాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కార్మికుడు చదువు రాకపోయినా డ్యూటీ ఎక్కాడు, డ్యూటీ దిగాడు. షిఫ్టు, గేటు పాసు, క్వార్టరు, సెక్టారు అన్నీ అతని తెలుగులో భాగమయ్యాయి. అతని పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ విని, బడిలో ఇంగ్లీషు నేర్చుకున్నారు. మలయాళీ టీచరు, బెంగాలీ సహాధ్యాయి, పంజాబీ పొరుగింటివాడు కలిసి మలిచిన ఇంగ్లీషు అది. నాలుక మడిచి పలికే ట, డలు, లక్షలు, కోట్లలో లెక్కలు, వాయిదాకు వ్యతిరేకంగా పుట్టించిన ప్రీపోన్ దాని ముద్రలు. ఆ ప్రీపోన్ అన్న మాటను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే చేర్చుకుంది. కాశ్మీరులో పుట్టిన భాషావేత్త బ్రజ్ కచ్రూ 1980లలోనే ప్రపంచ ఇంగ్లీషులను మూడు వలయాలుగా వివరిస్తూ, భారత్, నైజీరియా, సింగపూర్ వంటి దేశాల ఇంగ్లీషుకు సొంత నియమాలున్నాయనీ, అవి తప్పుల కుప్ప కాదనీ వాదించారు. ఇచ్చిపుచ్చుకోవడం ఏకపక్షమేమీ కాదు. తెలుగు పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయి, సముద్రం దాటి, ఆస్ట్రేలియాలో దానికి చుట్టరికమే లేని మరో జంతువుకు పేరైంది.

అసలు అన్యాయం భాషల మధ్య కంటే ఒక్కో భాషలోని మెట్ల మధ్య ఎక్కువగా జరుగుతోంది. భారతీయ ఇంగ్లీషును లండన్ కిందిమెట్టున పెడుతుంది. బ్రిటన్ వీసా నిబంధనల్లోని ఆంగ్లభాషా దేశాల జాబితాలో జమైకా ఉంది. భారత్ లేదు, నైజీరియా లేదు. కాల్ సెంటర్లలో భారతీయుడి ఉచ్చారణను మాట్లాడుతుండగానే అమెరికన్ చెవికి తగినట్టు మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. ఇక్కడ, ఢిల్లీ కాన్వెంటు ఇంగ్లీషు భిలాయి ఇంగ్లీషును ఇంటర్వ్యూ గదిలో వెనక్కి నెడుతుంది. జ్ఞానంలో లోటు లేని అభ్యర్థికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని రాసే కలానికి సంజాయిషీ అడిగేవాడు లేడు.

అదే మెట్లు హిందీలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. 2011లో ఛత్తీస్‌గఢీని మాతృభాషగా చెప్పినవారు 1.62 కోట్ల మంది. జనగణన వారిని హిందీ ఖాతాలో జమ వేసింది. 2007లో రాష్ట్రం ఆ భాషకు రాజభాష హోదా ఇచ్చినా, హిందీ బలాన్ని చాటే అంకెల్లో వారు నేటికీ హిందీవారే. ఇక శ్రీకాకుళం మాట తెలుగు సినిమాకు దశాబ్దాలపాటు నవ్వు పుట్టించే సరుకు. జనం మాటకు గౌరవం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఆ ప్రాంతంవాడే. సవర భాషకు నిఘంటువు కట్టినవాడూ ఆయనే. ఆయన జయంతిని భాషా దినోత్సవంగా జరుపుకొనే సమాజం ఆయన ప్రాంతపు యాసను చూసి నవ్వడం మానలేదు. ఇంట్లో వెక్కిరింపుకు గురైన యాసతో భిలాయి చేరి, అక్కడ మరో రెండు భాషల్లో కిందిమెట్టున నిలబడినవారి వారసులకు సిగ్గుపడమని కొత్తగా చెప్పనవసరం లేదు. ఆ పని మూడు భాషలూ ఎప్పుడో చేశాయి.

హోంమంత్రికి ఎదురుగా నిలిచి ఇంగ్లీషు మీడియం జెండా పట్టినవారు ఈ మెట్లను తొలగిస్తారా? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియాన్ని తప్పనిసరి చేస్తూ జీవో తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం స్వామి ఆత్మానంద్ పేరిట ఇంగ్లీషు మీడియం బడులు తెరిచింది. విమర్శకుల పిల్లలు, మనవలు ఏ మీడియంలో చదువుతున్నారని జగన్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి సూటిగా జవాబివ్వలేని పెద్దలు మాతృభాష మీద ఉపన్యాసాలు ఇవ్వడం చూడముచ్చటగా ఏమీ లేదు. కానీ ప్రశ్న న్యాయమైనంత మాత్రాన జీవో న్యాయమైపోదు. ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంకా ఇంగ్లీషు రాని ఆరేళ్ల పిల్లకు గణితాన్ని ఇంగ్లీషులో చెప్పడం వేరు. మొదటిదానికి మంచి ఉపాధ్యాయులు, పుస్తకాలు, ఏళ్ల ఓపిక కావాలి. రెండోదానికి ఒక ఉత్తర్వు చాలు. ప్రభుత్వాలు రెండోది చేసి మొదటిది చేశామంటాయి. పిల్లల మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బున్నవాడి విషయంలో అది హక్కు, లేనివాడికి మాత్రం జీవో. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. భిలాయిలో సెక్టార్ 5 బాలాజీ గుడికి వచ్చే తెలుగు కుటుంబాల్లో మూడో తరానికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తాతకు పండగ శుభాకాంక్షలు ఇంగ్లీషు లిపిలో పంపుతారు.

ఇంగ్లీషు ఈ దేశంలో ఎక్కడ నిజంగా కరడుగట్టి కూర్చుందో చూడాలన్నా భిలాయికే రావాలి. శంకర్ గుహా నియోగి బెంగాలీ. భిలాయి కర్మాగారంలో పనిచేసి, ఆ తర్వాత దానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనుల్లో కార్మికులను వారి ఛత్తీస్‌గఢీలోనే కూడగట్టాడు. 1983లో ఆ కార్మికులు తమ చందాలతో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1991 సెప్టెంబరు 28న భిలాయిలోని ఇంట్లో నిద్రలో ఉండగా నియోగిని కాల్చి చంపారు. కింది కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా పలువురిని దోషులని తేల్చింది, హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది, 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చినవాడిని మాత్రం దోషిగా తేల్చింది. పదమూడేళ్లకు పైగా ఎదురుచూసిన గని కార్మికులకు తమ నాయకుడి హత్యపై చివరి మాట ఇంగ్లీషులో వచ్చింది. ఎవరు, ఏ సాక్ష్యం చాలక బయటపడ్డారో వారికి ఇంకొకరు చదివి చెప్పాలి. 348వ అధికరణం ఏర్పాటు అది.

హిందీలో హైకోర్టు వ్యవహారాలు నడపడానికి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్‌లకు ఎప్పటినుంచో అనుమతి ఉంది. 2000లో మధ్యప్రదేశ్ నుంచి విడిపోయిన ఛత్తీస్‌గఢ్ అదే అడిగితే, తమిళనాడు, గుజరాత్, పశ్చిమ బెంగాల్, కర్ణాటక ప్రతిపాదనలతోపాటు దాన్నీ 2012లో ప్రధాన న్యాయమూర్తి తోసిపుచ్చారు. 2014 నుంచి ఢిల్లీలో ఉన్నది హోంమంత్రి పార్టీ ప్రభుత్వమే. రాజభాషా విభాగం ఆయన మంత్రిత్వ శాఖలోనే ఉంది. ఛత్తీస్‌గఢీని హిందీలో కలిపి లెక్కించే జనగణన కార్యాలయమూ అక్కడే ఉంది, 2027 లెక్కలు తీయబోయేదీ అదే. ఇంగ్లీషు మాట్లాడే ఉక్కు కార్మికుడి కొడుకు సిగ్గుపడాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఈ రెండు ఫైళ్లూ ఆయన బల్ల మీదివే.