కొసరు మరిచిన కొట్టు

2022లో జిల్లా కేంద్రమైన మా నరసరావుపేటలో, మా వీధి వదినగారు డ్వాక్రా అప్పుతో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టి, వెబ్‌సైట్ కూడా చేయించుకున్నారు. "చూసినవాళ్లు మళ్లీ రావట్లేదమ్మా, వాయిదా ఎలా కట్టను?" అని వాపోయారు. తెరిచి చూశాను. ఆవకాయల రోజులొచ్చినా అందులో ఇంకా సంక్రాంతి అరిసెలే! ధరలూ పాతవే.

"మనం రోజూ ఆ కూరగాయల బండి దగ్గరికే ఎందుకెళతాం వదినగారూ? గుప్పెడు కరివేపాకు కొసరు వేస్తాడు. పుచ్చు వంకాయ వస్తే మారుస్తాడు" అన్నాను.

వెబ్‌సైట్‌కీ ఆ కొసరు కావాలి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల, ఆ రోజుల్లోనే కళ్లాల్లో కొత్త మిర్చి, ఎండలు ముదిరితే మామిడికాయలు. మన పల్నాట చెప్పే కబుర్లకు కొరవా? కారం ఆడించే ముందు మిర్చి ఎలా ఎండాలో రాయండి. ఆవకాయ మూడో రోజు తిరగకలపాలని గుర్తుచేయండి. కొన్నవారిని "ఉప్పు సరిపోయిందా?" అని అడగండి. బాగాలేదంటే దాచకుండా, ఎలా సరిదిద్దారో చెప్పండి. రోజూ మెసేజీలు పంపి మాత్రం విసిగించకండి.

వదినగారు అరిసెల ఫొటో తీసేసి, కొత్త ఆవకాయ ధర పెట్టారు. మీకూ అలాంటి కొట్టుంటే, ఈ పూట కొనేవారిలా ఒకసారి తెరిచి చూడండి.