చెక్కు ఫొటో చాలు సార్, అసెంబ్లీలో ప్రశ్న కావాలి

కొంచెం పెద్ద పోస్టు. ఓపికగా చదవండి, మీ ఊరి గ్రూపుల్లో కూడా పెట్టండి.

"ఫలానా గూడెం అక్కకు క్యాన్సర్, దయచేసి సాయం చేయండి" అని ఫోన్‌పే నంబరుతో పోస్టులు వస్తూనే ఉంటాయి. మనం వందో రెండు వందలో వేస్తాం. కొన్నాళ్లకు ఆ అక్క ఫొటోకు దండ. మధ్యలో ఎక్కడో ఎమ్మెల్యే గారు సహాయ నిధి చెక్కు ఇస్తున్న ఫొటో. దాని కింద "థ్యాంక్యూ సార్" అని పెట్టేది కూడా మనమే.

థ్యాంక్స్ దేనికి? ఆయన్ని గెలిపించింది చెక్కులు పంచడానికా, చట్టసభలో మన కోసం అడగడానికా?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007 నుంచి ఉంది. ఆంధ్రలో పేరు మారింది, తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ కార్డు ఆసుపత్రి బిల్లు కడుతుంది, జబ్బును ముందే కనిపెట్టదు. పైగా రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. భద్రాచలం నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి దాదాపు 300 కిలోమీటర్లు. ఆ నెలన్నర ఎక్కడ ఉండాలి? తోడు వెళ్లిన మనిషి ఏం తినాలి? పోడు ఎవరు చూడాలి? రైల్లో క్యాన్సర్ రోగికి రాయితీ ఉంది. పాడేరుకు రైలే లేదు! కొండ మీది ఊళ్లలో రోడ్డు దాకా రావడానికే డోలీ కట్టాలి. చివరికి మధ్యలో మందు మానేస్తే "వీళ్లకు అవగాహన లేదు" అంటారు. లేనిది అవగాహన కాదు, బస్సు చార్జీ.

ఇక ముందే కనిపెట్టడం సంగతి. 30 ఏళ్లు దాటినవాళ్లకు నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఊరి దగ్గరే చేయాలని కేంద్రం మార్గదర్శకాలే చెప్తున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. ఇదేమీ కోట్ల రూపాయల మెషిన్ కాదు. వెనిగర్ లాంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్ష. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేస్తే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మన సబ్‌సెంటర్ ఏఎన్ఎం అక్క చేయలేదా? నేర్పితే చేస్తుంది. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటుతో అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు 50 ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. టార్చిలైటు వేసి నోరు చూడటానికి కూడా బడ్జెట్ లేదా?

టీకా గురించి కూడా మాట్లాడాలి. చాలామందికి అనుమానం ఉంది, దానికి కారణమూ ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో మన హాస్టల్ పిల్లలు ఎంతోమంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

దీన్నుంచి "టీకా వద్దు" అని తేల్చేస్తే మనమే నష్టపోతాం. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుంది. పట్నం పిల్లలు డబ్బు పెట్టి వేయించుకుంటున్నారు. మన చెల్లెళ్లకు టీకా కావాలి, కానీ అమ్మానాన్నలకు వాళ్ల భాషలో, కోయలోనో గోండిలోనో కువిలోనో చెప్పి, వాళ్ల అనుమతితో. వార్డెన్ సంతకంతో కాదు.

"జీవో 3, పోడు పట్టాలు ఉండగా ఇప్పుడు క్యాన్సర్ ఎందుకు?" అని కొందరు అన్నలు అంటారు. జీవో 3 కోసం రోడ్డెక్కాం, ఎక్కాల్సిందే. కానీ అన్నా, పట్టా చేతికొచ్చేసరికి దున్నే మనిషి ఉండాలి కదా.

అడగాల్సినవి ఇవి:

1. ఏజెన్సీ సబ్‌సెంటర్లలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు. ఏ మండలంలో ఎంతమందికి చేశారో ఏటా లెక్క బయటపెట్టాలి.
2. అనుమానం ఉన్నవాళ్లను ఐటీడీఏ వాహనంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. రోగికి, తోడుకు వసతి, భోజనం, పోయిన కూలి ఇవ్వాలి.
3. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు మూడేళ్లలో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. ఏజెన్సీ జిల్లాలకు ముందు ఇవ్వాలి.
4. తల్లిదండ్రుల అనుమతితో ఉచిత హెచ్‌పీవీ టీకా.
5. నయం కానివాళ్లకు మార్ఫిన్ మాత్రలు దగ్గరలోనే దొరకాలి. 2014లో చట్టం సవరించింది ఇందుకే. నొప్పితో అరుస్తూ పోవడం మన తలరాత కాదు.

ఎవరిని అడగాలి? ఆంధ్రలో 7, తెలంగాణలో 12 ఎస్టీ అసెంబ్లీ సీట్లు. అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ ఎంపీలు ముగ్గురు. ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలిలో నాలుగింట మూడు వంతులు మన ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. గవర్నర్ పంపిన విషయాల మీద మండలి సలహా ఇస్తుంది. కాబట్టి వినతిపత్రం ఎమ్మెల్యేకు ఒకటి, గవర్నర్‌కు ఒకటి. ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి, దాని కాపీ జతచేయండి. రసీదు తీసుకోండి. వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేశారా లేదా చూడండి. వేయకపోతే ఆ రసీదు ఫొటో ఇదే గ్రూపులో పెట్టండి.

చెక్కు ఫొటోకు లైకులు కొట్టే వేలితోనే ఓటు నొక్కుతాం. వాళ్లకూ అది గుర్తుండాలి.

జై ఆదివాసీ!